తిరుపతి మిద్దె మీద యాంటెన్నా, బీరువాలో 10 మెగాహెర్ట్జ్

పది మెగాహెర్ట్జ్ అంటే సెకనుకు కోటి ఊపులు. మీ బల్ల మీదున్న, ఊపులు లెక్కపెట్టే ఫ్రీక్వెన్సీ కౌంటర్ 1,00,00,003 అని చూపించిందనుకోండి. ఆ చివరి 3 మీరు కొలుస్తున్న సర్క్యూట్‌దా, కౌంటర్ లోపల గడియారంగా పనిచేసే క్రిస్టల్‌దా? మామూలు క్రిస్టల్ పది లక్షల్లో పది ఇరవై వంతులు తప్పుతుంది. అంటే 10 మెగాహెర్ట్జ్ దగ్గర వంద, రెండు వందల హెర్ట్జ్ తేడా. వేడికి తగ్గట్టు సర్దుకునే టీసీఎక్స్‌ఓ ఉన్న కౌంటరైనా పది హెర్ట్జ్ అటూ ఇటూ ఉండవచ్చు. ఆ 3ని నమ్మాలంటే కౌంటర్ కంటే మంచి గడియారం ఇంట్లో ఉండాలి.

అటువంటి గడియారాన్ని తిరుపతిలో ఒక మామూలు ఇంట్లో ఎలా నిలబెట్టుకోవాలో చెబుతాను. ప్రతి జీపీఎస్ ఉపగ్రహంలో అణు గడియారాలుంటాయి, నేల మీది కేంద్రాలు వాటిని ఎప్పటికప్పుడు సరిచూస్తుంటాయి. 2023 మే 29న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01 అనే నావిగేషన్ ఉపగ్రహంలో మన దేశంలోనే తయారైన రుబీడియం అణు గడియారం ఉంది. ఈ సిగ్నళ్లు మన మిద్దె మీద పగలూ రాత్రీ ఉచితంగా పడుతూనే ఉంటాయి. పట్టుకోవడమే మన పని.

దీనికి రెండు వస్తువులు జత కలవాలి. ఒకటి ఓసీఎక్స్‌ఓ, అంటే చిన్న పొయ్యిలాంటి డబ్బాలో ఎప్పుడూ ఒకే వేడిలో ఉండే క్రిస్టల్. ఇది సెకను నుంచి సెకనుకు చాలా నిలకడగా నడుస్తుంది, కానీ నెలలు గడిచేకొద్దీ మెల్లగా పక్కకు జారుతుంది. రెండోది జీపీఎస్ రిసీవర్ సెకనుకోసారి ఇచ్చే పల్స్. దీని గుణం పూర్తిగా ఎదురు. ఏ ఒక్క పల్స్ తీసుకున్నా పదుల నానోసెకన్లు (నానోసెకను అంటే సెకనులో వంద కోట్లో వంతు) అటూ ఇటూ ఊగుతుంది, కానీ ఎన్నాళ్లు గడిచినా దారి తప్పదు. దుక్కి దున్నే ఎద్దును చూసిన వాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. మంచి ఎద్దును అడుగడుక్కీ అదిలిస్తే చాలు వంకర పోతుంది, అసలు పట్టించుకోకపోతే చాలు వదిలి గట్టు మీదికి పోతుంది. అప్పుడప్పుడు మెల్లగా సరిచేయాలి. ఈ పని మొత్తంలో నేను నేర్చుకున్నది ఇదే. కింద చెప్పే ప్రతి అడుగులోనూ ఇదే మళ్లీ మళ్లీ వస్తుంది.

మొదటి పని: యాంటెన్నాకు చోటు

తిరుపతిలో ఎవరికైనా వచ్చే మొదటి అనుమానం కొండ గురించే. ఉత్తరాన శేషాచలం గోడలా నిలబడి ఉంది కదా, ఉపగ్రహాలు కనబడవేమోనని. టెన్షన్ పడకండి. జీపీఎస్ ఉపగ్రహాల కక్ష్యలు భూమధ్యరేఖకు 55 డిగ్రీల వాలులో ఉంటాయి, అవి 55 డిగ్రీల అక్షాంశం దాటి ఉత్తరానికి పోవు. మనం ఉన్నది 13.6 డిగ్రీల దగ్గర. లెక్క వేసి చూస్తే, మనకు సరిగ్గా ఉత్తర దిక్కులో దిగంతం నుంచి సుమారు 37 డిగ్రీల ఎత్తు వరకు ఏ జీపీఎస్ ఉపగ్రహమూ రాదు. అక్కడ ఆకాశం ఎలాగూ ఖాళీయే. కొండ కప్పేది ఆ ఖాళీలో ఒక ముక్కను మాత్రమే. అదే దక్షిణ దిక్కులోనైతే 8 డిగ్రీల ఎత్తు దాకా ఉపగ్రహాలు దిగి వస్తాయి. కాబట్టి కొండను వదిలేసి దక్షిణం, తూర్పు, పడమర వైపులు చూసుకోండి. పక్కింటి వాళ్లు దక్షిణం వైపు రెండంతస్తులు లేపి ఉంటే కొండ కంటే అదే పెద్ద అడ్డు.

మిద్దె మీద నీళ్ల ట్యాంకుకు, సోలార్ హీటరుకు దూరంగా, వాటి తల కంటే ఎత్తుగా యాంటెన్నా ఉండాలి. ట్యాంకు ప్లాస్టిక్‌దే అయినా లోపలున్న నీళ్లు సిగ్నల్‌ను మింగేస్తాయి. రేకు, ఇనుప గ్రిల్ పక్కనుంటే సిగ్నల్ వాటికి తగిలి ఆలస్యంగా వచ్చి పల్స్‌ను చెడగొడుతుంది. చదరపు ప్యాచ్ యాంటెన్నా అయితే కింద జానెడు వెడల్పు లోహపు పళ్లెం పెట్టండి, కింది నుంచి తిరిగొచ్చే సిగ్నళ్లు తగ్గుతాయి.

అలిపిరి, కపిలతీర్థం వైపు ఉండేవాళ్లకు ఇంకో మాట. కోతులు. నా మొదటి యాంటెన్నాను అవి మూడో రోజే పీకేశాయి, కేబుల్ సందులో వేలాడుతూ దొరికింది. అప్పటి నుంచి యాంటెన్నాను పీవీసీ పైపు లోపల పెట్టి పైన మూత బిగిస్తున్నాను. పీవీసీ గుండా ఈ సిగ్నల్ చక్కగా పోతుంది. కేబుల్‌ను కూడా పైపు లోపలి నుంచే కిందికి దించేయండి, కోతి చేతికి అందేది ఏదీ బయట ఉండకూడదు. ఈ ఏర్పాటుతో వాన నుంచి కూడా కాపుదల దొరుకుతుంది.

కేబుల్‌కు డిష్ టీవీ వాళ్లు వాడే ఆర్‌జీ-6 సరిపోతుంది. అది 75 ఓమ్‌లది, రిసీవర్ 50 ఓమ్‌లది, ఆ తేడా వల్ల పోయేది చాలా తక్కువ. యాంటెన్నాతో వచ్చే సన్న తీగను మాత్రం పొడిగించకండి, ఆ తీగలో మీటరుకు ఒక డెసిబెల్ కంటే ఎక్కువే పోతుంది. ఆర్‌జీ-6లో సిగ్నల్‌కు మీటరుకు సుమారు 4 నానోసెకన్లు పడుతుంది. 15 మీటర్లు లాగితే 60. ఆ అంకెను ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, తర్వాత రిసీవర్‌కు చెప్పాలి. మీకు కావలసింది ఫ్రీక్వెన్సీ మాత్రమే అయితే ఈ ఆలస్యం పట్టించుకోనక్కర లేదు, అది ఎప్పుడూ ఒకేలా ఉంటుంది కాబట్టి.

కేబుల్ ఇంట్లోకి దిగే చోట పిడుగు పోటును నేలకు మళ్లించే సర్జ్ అరెస్టర్, డీసీ పోనిచ్చే రకం, పెట్టి దాన్ని ఎర్త్‌కు కలపండి. యాంటెన్నాలోని యాంప్లిఫయర్‌కు కరెంటు ఈ కేబుల్ గుండానే పైకి పోతుంది, అందుకే డీసీ పోనిచ్చే రకం కావాలి. మే నెల సాయంత్రాల గాలివానల్లోనూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానల్లోనూ దగ్గర్లో ఉరిమితే యాంటెన్నా కేబుల్ ఊడదీసేయడమే మంచిది. మంచి ఓసీఎక్స్‌ఓ కొన్ని గంటలు ఉపగ్రహం లేకుండానే నడుస్తుంది.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి

నేర్చుకోవడానికి నియో-6ఎం అనే జీపీఎస్ రిసీవర్ మాడ్యూల్ చాలు, వెయ్యి రూపాయల లోపే వస్తుంది. సెకను పల్స్ పిన్ బయటికి ఉన్న బోర్డే తీసుకోండి. కొన్ని బోర్డుల్లో ఆ పల్స్ ఎల్‌ఈడీ వరకే వచ్చి ఆగిపోతుంది, అక్కడి నుంచి తీగ అతికించుకోవాలి. పని కుదిరాక నియో-ఎం8టీ వంటి టైమింగ్ కోసమే చేసిన మాడ్యూల్‌కు మారండి. ఆ మాడ్యూల్ ప్రతి పల్స్‌తో పాటు ఆ పల్స్ ఎన్ని నానోసెకన్లు ముందో వెనుకో కూడా చెబుతుంది. ఆ అంకెను లెక్కలో కలుపుకుంటే పల్స్ ఊగిసలాట బాగా తగ్గుతుంది.

ఓసీఎక్స్‌ఓలు ఎక్కువగా విప్పేసిన సెల్ టవర్ సామాన్ల నుంచి వస్తాయి. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై పోయి ఎలక్ట్రానిక్స్ అంగళ్లుండే రిచీ స్ట్రీట్‌లో వెతికినా సరే, ఆన్‌లైన్‌లో తెప్పించినా సరే, ఒక పరీక్ష చేయకుండా బోర్డు మీద అతికించకండి. దానికి ఫ్రీక్వెన్సీని కొద్దిగా జరిపే కంట్రోల్ పిన్ ఒకటి ఉంటుంది, దానికి ఇచ్చే వోల్టేజీతో ఫ్రీక్వెన్సీ మారుతుంది. డేటాషీట్ చూసి ఆ వోల్టేజీని కింది కొస నుంచి పై కొస దాకా తిప్పండి. 10 మెగాహెర్ట్జ్ మధ్యలో ఎక్కడో తగలాలి. నేను ఆన్‌లైన్‌లో కొన్న మొదటి ముక్క ముసలిదైపోయి పై కొస దాకా తిప్పినా 10 మెగాహెర్ట్జ్‌ను అందుకోలేదు. అది తెలియక రెండు వారాలు ప్రోగ్రాంలో తప్పు వెతికాను. పరీక్షించడానికి దగ్గర మంచి కౌంటర్ లేకపోతే జీపీఎస్ పల్స్‌తోనే లెక్కించండి, వంద సెకన్లలో వంద కోట్ల ఊపులు రావాలి.

పాత జీపీఎస్ టైమింగ్ పెట్టెలు దొరికితే తీసుకోవచ్చు. వాటిలో తేదీ పంతొమ్మిదిన్నరేళ్లు వెనక్కి చూపించినా చెడిపోయాయనుకోకండి. జీపీఎస్ వారాల లెక్క 1024 దాటగానే మళ్లీ సున్నాకు వస్తుంది, పాత ప్రోగ్రాంకు ఆ సంగతి తెలియదు. తేదీ తప్పయినా 10 మెగాహెర్ట్జ్ సరిగ్గానే ఉంటుంది.

రెండో పని: చోటును నేర్పించడం

యాంటెన్నా బిగించాక రిసీవర్‌ను 24 గంటలు కదిలించకండి. టైమింగ్ మాడ్యూల్‌లో సర్వే అనే ఏర్పాటు ఉంటుంది. రోజంతా తానున్న చోటును కొలిచి సగటు తీసుకుంటుంది. ఆ తర్వాత చోటు మారదని దానికి తెలుసు కాబట్టి సమయాన్ని మాత్రమే లెక్కిస్తుంది, ఒక్క ఉపగ్రహం కనబడినా పల్స్ ఇస్తుంది. ఒక నానోసెకనులో కాంతి 30 సెంటీమీటర్లు పోతుంది. మీ చోటు మూడు మీటర్లు తప్పుగా నమోదైతే పల్స్‌లో పది నానోసెకన్ల దాకా తప్పు చేరవచ్చు, పైగా ఉపగ్రహాలు కదిలే కొద్దీ అది మారుతుంటుంది కూడా. రెండు గంటల సర్వేతో ఆపేద్దామనిపిస్తుంది. ఆపకండి.

మూడో పని: ఓసీఎక్స్‌ఓకు ప్రశాంతమైన ఇల్లు

ఎక్కువ మంది చెడగొట్టుకునేది ఇక్కడే. మన ఎండకు ఓసీఎక్స్‌ఓ పాడవుతుందని భయపడతారు. దాని లోపలి పొయ్యి 75, 80 డిగ్రీల దగ్గర ఉంటుంది. బయట 42 ఉన్నా దానికి బాధ లేదు. బాధంతా మార్పుతోనే. ఫ్యాన్ గాలి, ఏసీ ఆగి మొదలవడం, మధ్యాహ్నం కిటికీలోంచి జారే ఎండ, ఇవి దాన్ని ఊపుతాయి. నేను మొదట కిటికీ పక్క బల్ల మీద పెట్టాను. కంట్రోల్ వోల్టేజీ గ్రాఫ్ తీస్తే రోజూ మూడు గంటలకు ఒక మూపురం లేచేది. ఉపగ్రహాల్లో ఏదో ఉందనుకున్నాను. పడమటి ఎండ డబ్బా మీద పడుతోంది, అంతే.

లోపలి గదిలో, బయటి గోడకు ఆనకుండా పెట్టండి. ఇనుప బీరువాలో పై అర ఖాళీ చేయగలిగితే అంతకంటే మంచి చోటు లేదు. ఇనుము, మూసిన తలుపు కలిసి వేడి మార్పును బాగా మందగిస్తాయి. మా అమ్మ చూసి "ఏమిరా ఇది, కోకల మధ్యలో పెట్టినావు?" అనింది. నిజమే, బట్టల మధ్య పెట్టకూడదు, చుట్టూ ఖాళీ ఉండాలి. "పై అర ఒక్కటి ఇయ్యిమా" అంటే ఇచ్చింది. డబ్బా మీద చెప్పుల పెట్టె లాంటి అట్టపెట్టె ఒకటి బోర్లిస్తే మిగిలిన గాలి కూడా ఆగుతుంది.

కరెంటు సంగతి. మొదలుపెట్టేటప్పుడు ఓసీఎక్స్‌ఓ ఒక యాంపియర్ దాకా లాగుతుంది, వేడెక్కాక మూడో వంతుకు తగ్గుతుంది. కరెంటు పోతే చల్లబడి, తిరిగి వేడెక్కాక మునుపటి చోటికి సరిగ్గా రాదు. అందుకే 12 వోల్టుల బ్యాటరీ మీద నడిపించి దాన్ని చార్జర్‌తో నింపుతూ ఉండండి. బ్యాటరీని బీరువా బయటే పెట్టండి. కొన్న తర్వాత కనీసం వారం రోజులు ఆపకుండా వేడిలో ఉంచాకే దాని నడకను అంచనా వేయండి.

నాలుగో పని: లూప్

10 మెగాహెర్ట్జ్‌ను కోటితో భాగిస్తే సెకనుకో పల్స్ వస్తుంది. దాన్ని జీపీఎస్ పల్స్ పక్కన పెట్టి తేడా కొలిచి, ఆ తేడా ఆధారంగా కంట్రోల్ వోల్టేజీని సర్దాలి. ప్రోగ్రాం నడిపే చిన్న ఆర్డ్యుయినో బోర్డు, అంకెను వోల్టేజీగా మార్చే 16 బిట్ల డాక్ దీనికి చాలు. కొలవడం, సర్దడం, మళ్లీ కొలవడం, ఈ చుట్టునే లూప్ అంటారు. ఒక చిన్న లెక్క వేసుకోండి. మీ ఓసీఎక్స్‌ఓ కొస నుంచి కొసకు పది లక్షల్లో ఒక వంతు జరుగుతుందనుకుంటే, 65,536 మెట్లలో ఒక్కో మెట్టు పదివేల కోట్లలో ఒకటిన్నర వంతు. అంత సన్నటి మెట్టు మనకు సరిపోతుంది. డాక్‌కు ఇచ్చే రెఫరెన్స్ వోల్టేజీ మాత్రం వేడికి కదలని రకం కావాలి, చవకది పెడితే మీరు కొలిచేది ఆ రెఫరెన్స్ కదలికనే.

ఇక ఎంత తరచుగా సరిచేయాలి? జీపీఎస్ పల్స్ 20 నానోసెకన్లు ఊగుతుందనుకోండి. ఒక్క సెకనులో చూస్తే అది ఐదు కోట్లలో ఒక వంతు తప్పు, మీ ఓసీఎక్స్‌ఓ కంటే వేల రెట్లు అధ్వానం. వెయ్యి సెకన్ల మీద పరిచి చూస్తే అదే 20 నానోసెకన్లు ఐదు వేల కోట్లలో ఒక వంతు అవుతుంది. అప్పుడే అది ఓసీఎక్స్‌ఓకు సలహా ఇవ్వడానికి పనికొస్తుంది. కాబట్టి లూప్ కాలాన్ని, అంటే ఎన్ని సెకన్ల మీద పరిచి సరిచేయాలో ఆ అంకెను, మొదట 100 సెకన్లు పెట్టి పట్టు దొరికే వరకు ఆగండి, తర్వాత 300, ఆ తర్వాత 1000 సెకన్లకు పెంచండి. ప్రతి మార్పు తర్వాత ఒక రోజు ఆగి గ్రాఫ్ చూడండి. గంటకోసారి అంకెలు మారిస్తే ఏది దేనివల్లో ఎప్పటికీ తెలియదు.

గ్రాఫ్‌లో కంట్రోల్ వోల్టేజీ రోజులు గడిచేకొద్దీ ఒకే వైపుకు మెల్లగా పోతుంటే అది క్రిస్టల్ వయసు. మంచి సంకేతం. రోజుకొక అల వస్తుంటే గది వేడి. మన ప్రాంతానికి ప్రత్యేకమైనది ఇంకొకటి ఉంది. మార్చి, ఏప్రిల్, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో చీకటి పడ్డాక కొన్ని గంటల పాటు ఉపగ్రహ సిగ్నళ్లు మినుకుమినుకుమనవచ్చు. మనం భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం. పొద్దు గుంకాక పైనున్న అయనోవరణం, అంటే విద్యుదావేశమున్న గాలి పొర, ఇక్కడ బుడగలు బుడగలుగా చెదురుతుంది. తిరుపతి దగ్గరి గాదంకిలో పై వాతావరణాన్ని చూసే 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడార్‌తో శాస్త్రవేత్తలు గమనిస్తూ వచ్చిన వాటిలో ఇదీ ఒకటి. సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో ఇది ఎక్కువ. ఆ రాత్రుల్లో రిసీవర్‌ను తిట్టుకోకుండా లూప్ కాలం పెద్దదిగా ఉంచితే చాలు, ఓసీఎక్స్‌ఓ ఆ రెండు మూడు గంటలు తానే మోస్తుంది.

ఐదో పని: నమ్మే ముందు పోల్చడం

మీ లూప్ చెప్పే అంకెలు లూప్ చూసినవే. బయటి సాక్షి ఒకటి కావాలి. రుబీడియం పెట్టె ఉన్న మిత్రుడు దొరికితే ఒక సాయంత్రం పిలవండి. ఊపులను తెర మీద గీతలుగా చూపే ఆసిల్లోస్కోప్‌లో ఒక 10 మెగాహెర్ట్జ్ కదలకుండా నిలిచేలా దాని మీద ట్రిగర్ పెట్టి రెండోది ఎంత మెల్లగా పక్కకు జరుగుతుందో చూడండి. ఒక పూర్తి ఊపు, అంటే 100 నానోసెకన్లు, జరగడానికి 100 సెకన్లు పడితే తేడా వంద కోట్లలో ఒక వంతు. 1000 సెకన్లు పడితే వెయ్యి కోట్లలో ఒక వంతు. కాఫీ తాగి వచ్చేసరికి గీత అక్కడే ఉంటే మీ పని కుదిరినట్టే. రుబీడియం కూడా తనంతట తాను కొద్దిగా జారుతుంది, కాబట్టి మెల్లగా ఒకే దిశలో జరిగితే తప్పు మీదే అనుకోకండి.

ఇక వాడుకోండి

ముందు కౌంటర్ వెనుక ఉన్న బయటి రెఫరెన్స్ సాకెట్‌కు కలపండి. అప్పుడు ఆ చివరి 3 గురించి మాట్లాడొచ్చు.

ఇంట్లో కంప్యూటర్లకు సమయం ఇవ్వాలంటే సెకను పల్స్‌ను 'రాస్ప్‌బెర్రీ పై' అనే చిన్న కంప్యూటర్‌లో సిగ్నల్ నేరుగా తీసుకునే జీపీఐఓ పిన్‌కే ఇవ్వండి. యూఎస్‌బీ ద్వారా ఇస్తే మిల్లీసెకను దగ్గరే ఆగిపోతారు, పిన్‌కు ఇస్తే మైక్రోసెకన్లకు దిగుతారు. కొత్తగా ఆన్ చేసినప్పుడు పావుగంట ఓపిక పట్టండి. జీపీఎస్ సమయం ప్రపంచ సమయం కంటే 18 సెకన్లు ముందుంటుంది, ఎంత తీసేయాలో చెప్పే సందేశం పూర్తిగా అందడానికి 12.5 నిమిషాలు పడుతుంది. ఢిల్లీలోని ఎన్‌పీఎల్ (నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ) ఇంటర్నెట్‌లో ఇచ్చే సమయంతో పోల్చి చూస్తే సెకన్ల తప్పు ఉంటే వెంటనే పట్టుబడుతుంది. పిల్లలుంటే డిసెంబరు 25న మిద్దె మీద దారానికి రాయి కట్టి వేలాడదీసి దాని నీడను గుర్తించమనండి. నీడ సరిగ్గా ఉత్తరానికి తిరిగేది పన్నెండుకు కాదు, సుమారు 12 గంటల 12 నిమిషాలకు. మన గడియారాలు నడిచేది కాకినాడ పక్కగా పోయే 82.5 డిగ్రీల రేఖ లెక్కలో, తిరుపతి దానికి మూడు డిగ్రీలు పడమర.

ఇంతకంటే ఎక్కువ రోజులు నన్ను పట్టి కూర్చోబెట్టింది కరెంటు ఫ్రీక్వెన్సీ. 9 వోల్టుల ఏసీ ఇచ్చే పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్, ఒక రెసిస్టర్, తీగ కలవకుండా వెలుతురుతో సిగ్నల్ దాటించే ఒక ఆప్టోకప్లర్ చాలు. ఫోన్ చార్జర్ పనికిరాదు, అది డీసీ ఇస్తుంది. మెయిన్స్ తీగను నేరుగా బోర్డుకు ఎప్పుడూ తేకండి. ట్రాన్స్‌ఫార్మర్‌లో 9 వోల్టులు వచ్చే వైపు మాత్రమే ముట్టుకోండి. ప్రతి ఊపు ఎప్పుడు సున్నా దాటిందో మీ 10 మెగాహెర్ట్జ్‌తో లెక్కించి సెకనుకో అంకె రాయించండి. 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్ రాయచూర్-సోలాపూర్ లైన్ ద్వారా మిగతా దేశంతో కలిసింది, అప్పటి నుంచి దేశమంతా ఒకే ఊపు. మీ బీరువా పక్కన 49.97 హెర్ట్జ్ కనబడితే అదే సమయంలో ఢిల్లీలోనూ దాదాపు అంతే. ఒక రోజు డేటా తీసి గ్రాఫ్ గీయండి. గ్రిడ్‌లో ఎవరు ఎంత కరెంటు ఇవ్వాలనే షెడ్యూలు పావుగంటకోసారి మారుతుంది, రోజుకు 96 సార్లు. గంట కొట్టే చోట, పావు, అర, ముప్పావు దగ్గర గీతలో చిన్న మెట్లు వెతకండి. తెల్లవారుజామున, పొద్దు గుంకే వేళ అవి ఇంకా స్పష్టంగా కనబడతాయి.